ఒంటి వేడి తక్కువైతే జబ్బేనా?

"మా అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. డిగ్రీ పూర్తయింది. ఎప్పుడు థర్మామీటరు పెట్టినా 97 దాటదు. ఒక్కొక్కప్పుడు 96.6 కూడా ఉంటుంది. ఇంట్లో మిగతా అందరికీ 98 పైనే. మొన్న పెళ్ళిచూపులకి వచ్చిన పెద్దావిడ పిల్ల చెయ్యి పట్టుకుని, 'ఇదేమిటమ్మా, ఇంత చల్లగా ఉంది! ఒంట్లో రక్తం లేదా?' అన్నారు. ఆ రోజునుంచీ మావారికీ నాకూ నిద్ర లేదు. రెండు రకాల టానిక్కులు వాడాం. తెలిసినవాళ్ళు థైరాయిడ్ మాత్రలు మొదలు పెట్టమంటున్నారు. ఇంకొక సంగతి. పోయిన నెల పిల్ల తల ఎత్తలేక పడుకుంది. థర్మామీటరులో 99.4 ఉంది. మా వీధిలో ఆర్.ఎం.పి. గారు 'ఇది అసలు జ్వరమే కాదు' అని పంపేశారు. మా అమ్మాయిది జబ్బా? నీరసమా? పుట్టుకతో వచ్చిన తత్వమా? రేపు పెళ్ళయ్యాక పిల్లలు పుట్టడానికి ఇది అడ్డమా?"

ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఇది. ఈ బెంగ ఈమె ఒక్కరిదే కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు దుకాణాల గుమ్మాల దగ్గర, ఆఫీసుల దగ్గర, గుళ్ళ దగ్గర నుదుటికి యంత్రం గురిపెట్టి వేడి చూశారు. అంతకు ముందు జ్వరం వస్తే తప్ప థర్మామీటరు ముట్టనివాళ్ళకి కూడా తమ ఒంటి వేడి ఎంతో తెలిసింది. అది 96, 97 అని చూసి ఖంగు తిన్నవాళ్ళు ఎందరో. ఆ అంకె పట్టుకుని కొందరు ఇప్పటికీ మధనపడుతున్నారు.

ముందుగా ఆ తల్లిగారికి ధైర్యం చెప్పాలి. మీరు వ్రాసినదాన్ని బట్టి, 97 అన్న అంకె ఒక్కదాని మూలంగా మీ అమ్మాయికి ఏ జబ్బూ ఉన్నట్టు కాదు. అది ఆమె శరీర స్వభావం కావచ్చు. ఒకరు పొడుగు, ఒకరు పొట్టి. ఒకరి నాడి నిమిషానికి 64 సార్లు కొట్టుకుంటే మరొకరిది 84 సార్లు కొట్టుకుంటుంది. ఇద్దరూ ఆరోగ్యవంతులే. ఒంటి వేడి కూడా అలాంటిదే. అయితే ఈ విషయంలో ప్రతి ఇంటివారూ తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని తెలుసుకోకపోతే జబ్బు లేనివారికి మందులు మింగిస్తాం, జబ్బు ఉన్నవారిని "జ్వరం లేదుగా" అని వదిలేస్తాం.

98.6 ఎక్కడినుంచి వచ్చింది?

పాత థర్మామీటర్లలో 98.4 దగ్గరో, 98.6 దగ్గరో ఒక బాణం గుర్తు ఉండేది. పాదరసం ఆ గుర్తు దాటితే జ్వరం, దాటకపోతే ఆరోగ్యం అని మన ఇళ్ళల్లో స్థిరపడిపోయింది. ఈ అంకె వెనుక ఒక జర్మన్ వైద్యుడు ఉన్నాడు. ఆయన పేరు కార్ల్ వుండర్‌లిష్. లీప్‌జిగ్ నగరంలో ఆస్పత్రి నడిపాడు. సుమారు ఇరవై అయిదు వేలమంది రోగుల ఒంటి వేడిని కొలిపించి, ఆ వివరాలతో 1868లో పెద్ద గ్రంథం ప్రచురించాడు. ఆరోగ్యవంతుడి సగటు ఉష్ణోగ్రత 37 డిగ్రీల సెంటీగ్రేడు అన్నాడు. దాన్ని ఫారన్‌హీట్‌లోకి మారిస్తే 98.6 అవుతుంది.

ఆ రోజుల్లో థర్మామీటరు ఇప్పటిలా వేలెడంత ఉండేది కాదు. సుమారు అడుగు పొడుగుండేది. చంకలో పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగాలి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక వైద్య మ్యూజియంలో వుండర్‌లిష్ వాడిన థర్మామీటరు ఒకటి ఉంది. దాన్ని ఈ కాలపు పరికరాలతో పోల్చి చూస్తే, అది సుమారు ఒకటిన్నర నుంచి రెండు డిగ్రీల సెంటీగ్రేడు వరకు ఎక్కువ చూపిస్తోందని తేలింది.

ఇంకొక మాట. 37 అన్నది సగటు మాత్రమే. అందరికీ ఒకటే అని వుండర్‌లిష్ కూడా అనలేదు. తెల్లవారుజామున వేడి తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉంటుందని, వృద్ధులకి తక్కువగా ఉంటుందని ఆయనే వ్రాశాడు. తరవాతివాళ్ళు ఆ వివరాలన్నీ మరచిపోయి ఒక్క అంకెను మాత్రం పట్టుకున్నారు.

ఇప్పుడు ఏమంటున్నారు?

1992లో అమెరికాలో 148 మంది ఆరోగ్యవంతులైన యువతీ యువకులకి నోట్లో థర్మామీటరు పెట్టి, రోజుకు కొన్నిసార్లు చొప్పున కొలిచారు. సగటు 98.2 వచ్చింది. తక్కువలో తక్కువ 96 ఉన్నవారు కూడా అందులో ఉన్నారు. తెల్లవారి ఆరు గంటలకి వేడి అన్నిటికంటె తక్కువ. సాయంత్రం నాలుగు, ఆరు గంటల మధ్య అన్నిటికంటె ఎక్కువ. ఆడవారి సగటు మగవారికంటె కొద్దిగా ఎక్కువ.

2017లో ఇంకా పెద్ద పరిశీలన వెలువడింది. అంటువ్యాధులు ఏవీ లేకుండా ఆస్పత్రికి వచ్చిన సుమారు ముప్పై అయిదు వేలమంది లెక్కలు తీశారు. సగటు 36.6 సెంటీగ్రేడు, అంటే 97.9 ఫారన్‌హీట్. నూటికి తొంభై అయిదుగురి వేడి 96.3 నుంచి 99.1 మధ్యలో ఉంది. అంటే మీ అమ్మాయి 97 నిక్షేపంలా మామూలు పరిధిలోనే ఉంది. ఈ పరిశీలనలో గమనించదగ్గ సంగతి మరొకటి ఉంది. కారణం తెలియకుండా ఒంటి వేడి కాస్త ఎక్కువగా ఉన్నవారిలో తరవాతి సంవత్సరంలో మరణాలు కొంచెం ఎక్కువ కనిపించాయి. మనం బెంగపడేది తక్కువ వేడిని చూసి!

2020లో ప్రచురించిన మరొక పరిశోధన ప్రకారం, అమెరికాలో మనుషుల సగటు ఒంటి వేడి గత నూట యాభై ఏళ్ళుగా క్రమంగా తగ్గుతూ వస్తోంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో పుట్టిన మగవారితో పోలిస్తే ఇప్పటి మగవారి వేడి ఫారన్‌హీట్‌లో ఒక డిగ్రీకి పైగా తక్కువ. దక్షిణ అమెరికాలో బొలీవియా అడవుల్లో ఉండే చిమానే అనే తెగవారిలో కూడా ఇరవై ఏళ్ళలోపే సగటు 98.6 నుంచి 97.7కి దిగిందని అదే సంవత్సరం తేలింది. క్షయ, పళ్ళ చిగుళ్ళ వాపు, మానని పుళ్ళు వంటి దీర్ఘకాలపు జబ్బులు తగ్గడం దీనికి ఒక కారణం కావచ్చని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. కాబట్టి ముత్తాతల కాలపు కొలబద్దతో మనవరాలిని కొలవకూడదు.

చెయ్యి చల్లగా ఉండటం వేరు, ఒంటి వేడి వేరు

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. ఇస్త్రీ పెట్టెలో వేడి ఎక్కువైతే దానంతటదే ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది చూడండి, ఒంట్లో ఆ పని చేసేది ఇదే. కాలేయం, కండరాలు, గుండె, మెదడు పని చేస్తున్నంతసేపూ వేడి పుడుతూనే ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి శరీరం కూడా దరిదాపు నూరు వాట్ల బల్బు ఇచ్చినంత వేడి ఇస్తుంది. ఆ వేడిని ఎంత నిలపాలి, ఎంత బయటకి పంపాలి అన్నది హైపోథాలమస్ నిర్ణయిస్తుంది. బయట చలిగా ఉంటే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తం లోపలి అవయవాలకి మళ్ళుతుంది. అప్పుడు చేతులు, కాళ్ళు చల్లబడతాయి. కాని గుండె, కాలేయం వెచ్చగానే ఉంటాయి.

భయం వేసినా, సిగ్గు పడినా, కంగారు పుట్టినా ఇదే జరుగుతుంది. పెళ్ళిచూపుల్లో కూర్చున్న ఆడపిల్ల చెయ్యి చల్లగా ఉండటంలో వింత ఏముంది? చెయ్యి పట్టుకుని రక్తం ఉందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు. రక్తం తక్కువని అనుమానం ఉంటే హీమోగ్లోబిన్ పరీక్ష చేయిస్తే సరి. ఆడవారికి అది 12 గ్రాములకి తగ్గితే రక్తహీనత. మన దేశంలో ఆడపిల్లల్లో రక్తహీనత చాలా ఎక్కువ కాబట్టి ఆ పరీక్ష ఎలాగూ చేయించవలసిందే. తక్కువ ఉందని తేలితే ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, పప్పులు, తినేవారైతే మాంసం, గుడ్లు. పరీక్ష లేకుండా టానిక్కు సీసాల మీద డబ్బు పొయ్యడం వృథా.

థర్మామీటరు సరిగా పెడుతున్నారా?

వేడి తక్కువని వచ్చేవాళ్ళలో చాలామందికి అసలు లోపం కొలవడంలోనే ఉంటుంది. ఈ తప్పులు సరిచూసుకోండి.

చంకలో పెడితే నోట్లోకంటె అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారన్‌హీట్ వరకు తక్కువ చూపిస్తుంది. మీ అమ్మాయికి చంకలోనూ మిగతావారికి నోట్లోనూ చూస్తున్నారేమో గమనించండి. అందరికీ ఒకేచోట, ఒకే వేళకి చూస్తేనే పోలిక సరైనది.

చంకలో చెమట ఉంటే తుడిచి, థర్మామీటరు కొన చర్మానికి తగిలేట్టు పెట్టి, చెయ్యి దగ్గరగా అదిమి ఉంచాలి. మధ్యలో జాకెట్టు గుడ్డ అడ్డు రాకూడదు. పాదరసం థర్మామీటరు ఇంకా ఉన్నవారు ముందు విదిలించి 95కి దించి, నోట్లో మూడు నిమిషాలు, చంకలో అయిదు నిమిషాలు ఉంచాలి. డిజిటల్ థర్మామీటరు అయితే కూత వినిపించేదాకా తియ్యకూడదు. బ్యాటరీ నీరసిస్తే అంకెలు తప్పు చూపించవచ్చు.

నోట్లో పెట్టేటప్పుడు కొన నాలుక క్రింద ఉండాలి. పెదవులు మూసి, ముక్కుతో గాలి పీల్చాలి. చన్నీళ్ళు, మజ్జిగ, కాఫీ త్రాగాక ఇరవై నిమిషాలైనా ఆగాలి. నోటితో గాలి పీల్చేవారికి, మాట్లాడుతూ ఉండేవారికి లెక్క తప్పుతుంది. చిన్నపిల్లలకి, మూర్ఛలు వచ్చేవారికి గాజు థర్మామీటరు నోట్లో పెట్టకండి.

నుదుటికి గురిపెట్టే యంత్రం చర్మం మీది వేడిని మాత్రమే పసిగడుతుంది. చెమట, ఫ్యాను గాలి, ఏసీ గది, ఎండ, ఎంత దూరంలో పట్టుకున్నారన్నది, ఇవన్నీ దాని లెక్కను తారుమారు చేస్తాయి. దానిలో 95 వచ్చిందని కంగారు పడనక్కరలేదు. మామూలు థర్మామీటరు పెట్టి చూసుకోండి.

ఆడవారికి మరొక తేడా ఉంది. అండం విడుదలయిన తరవాత, తిరిగి బహిష్టు వచ్చేవరకు ఒంటి వేడి అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ వరకు పెరిగి ఉంటుంది. నెల మొదటి సగంలో చూసిన అంకెకీ రెండో సగంలో చూసిన అంకెకీ తేడా వస్తే అది సహజం.

థైరాయిడ్ మాత్రలు వెయ్యవచ్చా?

వెయ్యకూడదు. పరీక్ష లేకుండా ఎట్టి పరిస్థితిలోనూ వెయ్యకూడదు.

ఈ అపోహకి కూడా ఒక చరిత్ర ఉంది. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే శరీరంలో వేడి పుట్టడం తగ్గుతుంది. ఇది నిజమే. 1942లో బ్రోడా బార్న్స్ అనే అమెరికన్ వైద్యుడు, పొద్దున్నే మంచం దిగకముందు ఒంటి వేడి చూసి థైరాయిడ్ లోపం కనిపెట్టవచ్చునని ఒక పద్ధతి ప్రతిపాదించాడు. అప్పటికి రక్తంలో థైరాయిడ్ హార్మోన్లను కొలిచే పరీక్షలు లేవు కనుక ఆ రోజుల్లో అది ఒక దారి. ఇప్పుడు టి.ఎస్.హెచ్. అనే రక్తపరీక్ష చిన్న పట్నాల్లో కూడా చేస్తున్నారు. పైన చెప్పిన 2017 పరిశీలనలో థైరాయిడ్ మందగించినవారి సగటు వేడి మిగతావారికంటె ఎంత తక్కువో తెలుసా? సెంటీగ్రేడులో ఒక డిగ్రీలో నూరో వంతు! అంత చిన్న తేడాని ఇంట్లో థర్మామీటరు పట్టుకోలేదు. కాబట్టి 97 చూసి థైరాయిడ్ అని తేల్చడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

అక్కర లేకుండా థైరాయిడ్ మాత్రలు మింగితే గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, బరువు తగ్గడం వస్తాయి. ఏళ్ళతరబడి వాడితే ఎముకలు పలచబడతాయి. పెద్దవారికి గుండె లయ తప్పుతుంది.

అయితే ఒంటి వేడి తక్కువగా ఉండటంతోపాటు ఈ లక్షణాలు కూడా ఉంటే టి.ఎస్.హెచ్. తప్పక చేయించాలి. మిగతావారికి ఉక్కపోస్తుంటే తనకి చలి వెయ్యడం. తిండి పెరగకుండానే ఒళ్ళు రావడం. మలబద్ధకం. చర్మం పొడిబారడం, జుట్టు ఊడటం. గొంతు బొంగురుపోవడం. బహిష్టు ఎక్కువగా అవడమో, క్రమం తప్పడమో. ఎంత నిద్రపోయినా తీరని బడలిక. మతిమరపు. మెడ ముందుభాగంలో వాపు.

ఇవేవీ లేకుండా, చిన్నప్పటినుంచీ 97 ఉండి, పిల్ల చక్కగా తిని తిరుగుతూ, చదువుకుని, నెలనెలా సక్రమంగా బహిష్టు అవుతుంటే అది జబ్బు కాదు. పిల్లలు పుట్టడానికి అడ్డమూ కాదు. దీన్ని గురించి మగపెళ్ళివారికి సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదు.

కొందరు ఒంట్లో వేడి పుట్టాలని అల్లం, మిరియాలు, నువ్వులు అదేపనిగా తినిపిస్తారు. రుచికోసం తింటే తినండి. కాని హైపోథాలమస్ నిలిపి ఉంచిన వేడిని మిరియాల చారు మార్చలేదు. చలిగా ఉన్నప్పుడు సాక్సు వేసుకోవడం, కాస్త వేగంగా నడవడం, వేళకి కడుపునిండా తినడం, ఇవే పని చేస్తాయి. బరువు తగ్గాలని తిండి మానేసే ఆడపిల్లలకి ఒంటి వేడి నిజంగానే తగ్గుతుంది. మీ అమ్మాయి మరీ సన్నగా ఉంటే, భోజనం దగ్గర వంకలు పెడుతుంటే ఆ సంగతి మాత్రం పట్టించుకోండి.

మీ అంకె మీరు తెలుసుకోండి

ఇక 99.4 సంగతి. మామూలుగా 97 ఉండే మనిషికి 99.4 అంటే రెండున్నర డిగ్రీలకి దగ్గరగా పెరిగిందన్నమాట. 98.6 ఉండేవారికి అది ఒక డిగ్రీ కూడా కాదు. అంకె ఒకటే, మనుషులు వేరు. పిల్ల తల ఎత్తలేక పడుకుంటే, అంకె 100 దాటలేదు కాబట్టి జ్వరం కాదనడం సరికాదు. డాక్టరు చూడవలసింది మనిషిని.

అందుకని ప్రతి ఇంట్లోనూ ఒక పని చెయ్యండి. అందరూ ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, ఒక వారంపాటు, పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం అయిదింటికి ఒకసారి, ఒకే థర్మామీటరుతో, ఒకేచోట పెట్టి చూడండి. మందుల చీటీలు దాచుకునే పుస్తకంలో ఒక్కొక్కరి పేరు వ్రాసి, పొద్దుటి అంకె, సాయంత్రం అంకె వేసి ఉంచండి. అంతటితో సరి. తరవాత రోజూ చూడనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రోజుకి పదిసార్లు థర్మామీటరు పెట్టుకోవడం కూడా ఒక జబ్బే.

ఎవరికైనా ఒంట్లో బాగా లేనప్పుడు ఆ పుస్తకం తీసి చూడండి. పొద్దుటి అంకెతో పొద్దుటిదే, సాయంత్రం అంకెతో సాయంత్రందే పోల్చండి. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు "99.4 ఉందండీ" అని ఊరుకోకుండా, "మా అమ్మాయికి మామూలుగా ఈ వేళకి 97 ఉంటుంది, ఇవాళ 99.4 ఉంది" అని చెప్పండి. డాక్టరుకి అది చాలా ఉపయోగపడే సమాచారం.

ఇక్కడ ఒక హెచ్చరిక. మామూలు వేడి తక్కువగా ఉంది కదా అని 98.5కే మాత్రలు మొదలు పెట్టకండి. అంకె చూసి మందు వెయ్యడం ఎప్పుడూ తప్పే. ఒళ్ళు నొప్పులు, తలనొప్పి ఉంటే పారాసిటమాల్ మోతాదు మించకుండా వేసుకోవచ్చు. డాక్టరు చెప్పకుండా యాంటిబయాటిక్ మాత్రలు కొని మింగరాదు. మూడు నెలలలోపు పసిపాపకి 100.4 వస్తే మాత్రం ఏ లెక్కలూ వెయ్యకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

వృద్ధుల విషయంలో జాగ్రత్త

ఇంత చెప్పడానికి అసలు కారణం ఇంట్లోని పెద్దవాళ్ళు. వయసు పెరిగినకొద్దీ ఒంటి వేడి తగ్గుతుంది. జబ్బు చేసినప్పుడు జ్వరం తెచ్చుకునే శక్తి కూడా తగ్గుతుంది. నిమోనియా వచ్చినా, మూత్రంలో చీము చేరినా కొందరు వృద్ధులకి 99 దాటదు.

బామ్మగారికి మామూలుగా 96.8 అనుకోండి. రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. అడిగినదానికి పొంతన లేని జవాబులు చెబుతోంది. పక్కలోనే మూత్రం పోసింది. థర్మామీటరు చూస్తే 99. "జ్వరం లేదు, వయసు కదా" అని ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. నిజానికి ఆవిడ వేడి రెండు డిగ్రీలు పెరిగింది. వృద్ధాశ్రమాల్లో ఉండేవారికోసం అమెరికాలో అంటువ్యాధుల నిపుణులు తయారు చేసిన సూత్రం ఇదే: 100 దాటితేనే కాదు, ఆ మనిషి మామూలు వేడి మీద 2 డిగ్రీల ఫారన్‌హీట్ పెరిగినా జ్వరంగానే లెక్క పెట్టాలి. బామ్మ, తాతల మామూలు అంకె మీ పుస్తకంలో లేకపోతే ఈ పెరుగుదల మీకు తెలిసే దారి లేదు. మత్తు, తికమక, ఆయాసం, తిండి మానెయ్యడం, తూలి పడటం, వీటిలో ఏది కొత్తగా కనిపించినా థర్మామీటరు ఏం చెప్పినా సరే, డాక్టరుకి చూపించండి.

ఎప్పుడు తక్కువ వేడి ప్రమాదం?

స్వభావసిద్ధంగా 97 ఉండటం వేరు. ఉన్నట్టుండి 95 డిగ్రీలకి, అంటే 35 సెంటీగ్రేడుకి దిగువకి పడిపోవడం వేరు. రెండోది ప్రాణాపాయం. ఈ క్రింది సందర్భాల్లో అలా జరగవచ్చు.

తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి ప్రాకినప్పుడు, ముఖ్యంగా వృద్ధులకి, పసిపిల్లలకి, జ్వరం రావడానికి బదులు ఒళ్ళు చల్లబడుతుంది. "జ్వరం దిగింది" అని సంతోషించకండి. జ్వరం దిగిన మనిషి తేరుకుని, మాట్లాడి, కాస్త జావ త్రాగాలి. ఒళ్ళు చల్లబడి, మత్తుగా పడి ఉండి, ఎగఊపిరి పీలుస్తుంటే అది జ్వరం దిగడం కాదు.

చక్కెర వ్యాధికి మందు వేసుకుని భోజనం మానేస్తే రక్తంలో చక్కెర బాగా పడిపోయి ఒళ్ళు చల్లబడి చెమటలు పోస్తాయి. తెలివి ఉంటే వెంటనే పంచదార నీళ్ళు పట్టాలి. నిద్రమాత్రలు ఎక్కువైనా, త్రాగి చలిలో పడిపోయినా వేడి ప్రమాదకరంగా తగ్గుతుంది. మనది వేడి దేశం, ఇక్కడ ఇవన్నీ జరగవనుకోకండి. ఆదిలాబాదు జిల్లాలో, లంబసింగి వైపు మన్యంలో శీతాకాలపు రాత్రులు వణికిస్తాయి. తుఫాను వానలో గంటలతరబడి తడిసిన మనిషికి కోస్తాలో కూడా ఈ ప్రమాదం ఉంది.

మొదట గజగజ వణుకు వస్తుంది. తరవాత మాట ముద్దగా వస్తుంది, నడక తడబడుతుంది, మగత కమ్ముతుంది. వణుకు ఆగిపోయి మనిషి మత్తులోకి జారుకుంటే స్థితి విషమించిందని అర్థం.

అప్పుడు తడి బట్టలు తీసేసి, పొడి బట్టలు, దుప్పట్లు కప్పండి. తలకి కూడా గుడ్డ చుట్టండి. తెలివిగా ఉంటే వేడి పాలు కొద్దికొద్దిగా పట్టండి. కదిలించడం అవసరమైతే నెమ్మదిగా కదిలించండి. వెంటనే 108కి ఫోను చెయ్యండి. చేతులు, కాళ్ళు గట్టిగా రుద్దకండి. మరిగే నీళ్ళ సీసా నేరుగా చర్మానికి ఆనించకండి; స్పర్శ తెలియని మనిషికి బొబ్బలెక్కుతాయి. బ్రాందీ చెంచాడైనా పట్టకండి. బ్రాందీ వల్ల చర్మంలోని రక్తనాళాలు విప్పారి, లోపలున్న కాస్త వేడీ బయటకి పోతుంది. వేడి పుట్టినట్టు అనిపించడం మోసం.

పురిటిబిడ్డల లెక్క పూర్తిగా వేరు. వాళ్ళకి 97.7 నుంచి 99.5 దాకా ఉండాలి. అమ్మకి 97 మామూలే కావచ్చు. పాపాయికి 97 అంటే చలి సోకిందని అర్థం. పుట్టిన బిడ్డకి మొదటి ఇరవై నాలుగు గంటలు స్నానం చేయించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఒళ్ళు తుడిచి, తలకి టోపీ పెట్టి, తల్లి గుండెలకి చర్మం తగిలేలా ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాలి. 1978లో కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో ఎద్గార్ రే అనే వైద్యుడు, నెలలు నిండని పిల్లలకి సరిపడా ఇంక్యుబేటర్లు లేక ఈ పద్ధతి మొదలుపెట్టాడు. కంగారూ పద్ధతి అని పేరుపొంది, ఈనాడు మన ఆస్పత్రుల్లో కూడా అమలవుతోంది. బిడ్డ కడుపు, పాదాలు రెండూ చల్లగా తగిలినా, పాలు త్రాగకపోయినా, ఏడుపు నీరసించినా ఆలస్యం చెయ్యకూడదు. గుండెలకి ఆనించుకునే ఆస్పత్రికి బయలుదేరండి.

గుర్తుంచుకోవలసినవి

1. పెద్దవారిలో 96.3 నుంచి 99.1 వరకు మామూలే. 97 ఉన్నంత మాత్రాన జబ్బు కాదు.

2. చెయ్యి చల్లగా ఉంటే రక్తం తక్కువని కాదు. అనుమానం ఉంటే పరీక్ష చేయించండి.

3. థర్మామీటరు చూసి థైరాయిడ్ మాత్రలు వెయ్యకండి. లక్షణాలుంటే టి.ఎస్.హెచ్. చేయించండి.

4. ఇంట్లో ప్రతివారి మామూలు అంకె వ్రాసి పెట్టుకోండి. వృద్ధుల అంకె ముందు వ్రాయండి.

5. 95కి తగ్గినా, ఎప్పుడూ ఉండే వేడికంటె బాగా తగ్గి మనిషి మత్తుగా ఉన్నా, పురిటిబిడ్డకి 97.7కి తగ్గి వెచ్చబరచినా పెరగకపోయినా ఆస్పత్రికి వెళ్ళండి.

థర్మామీటరు ఖరీదు ఎంతో కాదు. దాన్ని జ్వరం వచ్చినప్పుడే కాకుండా, అందరూ బాగున్న రోజున కూడా ఒకసారి బయటకి తియ్యండి. ఈ ఆదివారమే ఆ పుస్తకం మొదలుపెట్టండి.